మోటారు సైకిలు పాదసాధనములు : పొట్టివారికి అమరిక

మోటారు సైకిలు నడుపు వ్యక్తి పాదములతో ప్రయోగించు పరికరములను పాదసాధనములని వ్యవహరింపవచ్చును. నేటి భారతీయ వాహనములలో ఎడమకాలి చెంత గేరు పెడలు, కుడికాలి చెంత వెనుక బ్రేకు పెడలు, పాదములకు ఆధారముగా ఇరువైపుల ఫుట్‌రెస్టులు, వీనికి తోడు కిక్ రాడ్డు, సైడు స్టాండు, డబుల్ స్టాండు ఈ వర్గమున చేరును. ఇవన్నియు మధ్యరకపు దేహప్రమాణము నొకదానిని దృష్టియందుంచుకొని కర్మాగారమున అమర్చబడునవి. కావున ఆ ప్రమాణమునకు తక్కువైన పొడవుగల స్త్రీపురుషులకు పాదము పెడలునందుకొనుటలో ఆలస్యమును, చీలమండకు శ్రమయు, బ్రేకుపై పూర్తి బలము నుంచలేని కొఱతయు కలుగుచుండును. ఈ కొఱతలలో అధికభాగము వాహనమును కోయకయే, అతుకకయే, నిర్మాత స్వయముగా ఏర్పరచిన మరలను సవరించుటచే తీరునవి.

ప్రాంతపరిస్థితి

హైదరాబాదు తూర్పుభాగమున విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా సాగి ఎల్బీ నగర్ కూడలియందు ఇన్నర్ రింగు రోడ్డును కలియుచున్నది. లాల్ బహదూర్ శాస్త్రి పేర వెలసిన ఈ ప్రాంతమునకు అమీర్‌పేట నుండి మెట్రో రైలు 2018 సెప్టెంబరు 24న ఆరంభమైనను, రహదారిపై ద్విచక్రవాహనముల రద్దీ తగ్గలేదు. వనస్థలిపురము, హయత్‌నగర్, సరూర్‌నగర్ కాలనీలనుండి ఉదయమున నగరమునకును, సాయంకాలమున తిరిగి ఇండ్లకును సాగు ఈ ప్రవాహము సిగ్నలు సిగ్నలు వద్ద ఆగుచు, కొంత సాగి మరల ఆగుచు నడచునట్టిది. ఇట్టి గమనమున చోదకుని ఎడమపాదము మొదటి గేరునకును రెండవ గేరునకును నడుమ నిరంతరము పనిచేయుచుండగా, కుడిపాదము బ్రేకు పెడలును విడిచి దూరము పోజాలదు. ఊరిబాటపై గంటకొకమారు కానవచ్చు అసౌకర్యము ఇచట నిమిషమునకు పలుమారులు కానవచ్చును.

దిల్‌సుఖ్‌నగర్ పోటీపరీక్షల శిక్షణాలయములకును, విద్యార్థి వసతిగృహములకును పేరెన్నికగన్నది. ఇచటి యువతీయువకులలో పలువురు తండ్రిదో, అన్నదో అయిన బండిని, లేక చేతులు మారిన పాతబండిని నడుపుదురు. మధ్యతరగతి కుటుంబమున ఒకే మోటారు సైకిలును తండ్రియు, కుమారుడును, కుమార్తెయు వంతులవారీగా వాడుటయు సామాన్యమే. ఐదడుగుల ఎనిమిదంగుళముల తండ్రికి కుదిరిన పెడలు ఐదడుగుల కుమార్తెకు కుదురకపోవుట సహజము. పెడలు సవరణకు కావలసిన విడిభాగములు చుట్టుప్రక్కల మెకానికు దుకాణములలో దొరకనిచో చాదర్‌ఘాట్ దాటి పుత్లీబౌలి విడిభాగముల బజారునకు పోవుట హైదరాబాదు మెకానికుల వాడుక.

చారిత్రక పరిణామము

మోటారు సైకిలు తొలిదశయందు గేరు మార్పిడి చేతిపని. పెట్రోలు ట్యాంకు ప్రక్కనుండు కడ్డీని చోదకుడు ఒకచేతితో కదలించెడివాడు. ఇంగ్లాండునందలి వెలోసెట్ సంస్థకు చెందిన హెరాల్డు విలిస్ 1928 ప్రాంతమున రూపొందించిన పాదచాలిత గేరు యంత్రాంగము, ఒక్కొక్క నొక్కుడునకు ఒక్కొక్క గేరు మాత్రమే మారి పెడలు మరల యథాస్థానమునకు వచ్చు ఏర్పాటుతో, ఈ పనిని కాలికి అప్పగించెను. అయితే ఏ కాలికి ఏ పని అనుటయందు దేశదేశమునకు భేదముండెను. బ్రిటిషు వాహనములలో గేరు కుడివైపునను బ్రేకు ఎడమవైపునను ఉండెడివి. ఆ సంప్రదాయమే మద్రాసున 1955లో నిర్మాణమారంభమైన ఎన్‌ఫీల్డు బుల్లెట్టునకును సంక్రమించెను. మైసూరున తయారైన జావా, యెజ్డీ బండ్లలో ఎడమప్రక్కనున్న ఒకే కడ్డీ గేరుగాను, త్రిప్పినపుడు కిక్‌గాను పనిచేసెడిది. 1970 దశకము నడుమ అమెరికా ప్రభుత్వము గేరు ఎడమను, బ్రేకు కుడిని ఉండవలెనని నియమించుటతో ప్రపంచ విపణియందు ఆ క్రమమే స్థిరపడెను. బుల్లెట్టు మాత్రము 2000 తరువాతి దశాబ్దమున గాని పూర్తిగా ఎడమ గేరునకు మారలేదు.

పొట్టివారి దృష్టినుండి చూచినచో ఈ చరిత్రకు మరియొక పార్శ్వము కలదు. 1972లో వెలువడిన బజాజ్ చేతక్ స్కూటరునందు గేరు చేతిలోనిదై, పాదమునకు వెనుక బ్రేకు మాత్రమే మిగిలెను. 1984 నాటి కైనెటిక్ హోండాయందు గేరు మార్చు పనియే లేకుండెను. 1972 నాటి లూనా, 1980 నాటి టీవీఎస్ 50 వంటి మోపెడ్లు కూడ తేలికయు తక్కువ యెత్తును గలవి యగుటచే పొట్టివారి ఆదరము పొందెను. ఇట్లు చాలకాలము ఎత్తు తక్కువవారికి స్కూటరు, పొడవరులకు మోటారు సైకిలు అను విభాగము సమాజమున నిలిచిపోయెను. ఆ విభాగము నేడు సడలినది. 2018లో జై భారతి, పియా బహాదుర్ తదితరులగు నలుగురు తెలంగాణ మహిళలు డోమినార్ 400 బండ్లపై మయన్మారు, థాయిలాండు, లావోస్, కంబోడియా, వియత్నాముల మీదుగా సుమారు 17,000 కిలోమీటర్లు సాగించిన మెకాంగు యాత్ర అందుకొక నిదర్శనము. ఆ బండి ఆసనము నేలనుండి 800 మిల్లీమీటర్ల యెత్తున నుండును.

రెండు దూరములు

ఈ విషయమున తఱచుగా కలగాపులగమగు దూరములు రెండు. మొదటిది ఆసనమునుండి నేలకు గల దూరము. ఇది బండి ఆగినపుడు పాదము నేలనానుటకు సంబంధించినది. రెండవది ఆసనమునుండి ఫుట్‌రెస్టునకును, అచటినుండి పెడలు కొనకును గల దూరము; ఇది బండి నడచునపుడు పనిచేయునది. పొట్టివారు సాధారణముగా మొదటిదానిని గూర్చియే చింతించి, మెకానికు వద్దకు పోయి సీటు తగ్గింపుమని కోరుదురు. నేల అందకపోవుట కంటికి కనబడు భయము గనుక అట్లు కోరుట సహజమే. కాని గేరు సకాలమున పడక, బ్రేకు ఆలస్యమై కలుగు ప్రమాదము రెండవ దూరమునుండి పుట్టునది.

హీరో స్ప్లెండర్ ప్లస్ ఆసనపు టెత్తు 785 మిల్లీమీటర్లు. రాయల్ ఎన్‌ఫీల్డు క్లాసిక్ 350కి 805. మీటియర్ 350కి 765. బజాజ్ అవెంజరునకు 737. ఐదడుగుల, అనగా 152 సెంటీమీటర్ల మనిషికి తొడల మొదలునుండి మడమవరకు గల పొడవు సుమారు 69 సెంటీమీటర్లుండును. చోదకుని బరువుచే స్ప్రింగులు రెండుమూడు సెంటీమీటర్లు క్రుంగినను, చెప్పుల మందము కొంత కలసినను, సీటు వెడల్పు కాళ్ళను ప్రక్కలకు నెట్టుచుండుటచే, స్ప్లెండరుపై అట్టివారికి కాలివ్రేళ్ళ కొనలు మాత్రమే నేలనందును. అవెంజరు వంటి బండిపై నేల సులభముగా అందినను ఫుట్‌రెస్టులు ముందునకు జరిగియుండుటచే కాలు చాచవలసివచ్చును. నేల అందు బండియే పెడలు కూడ అందు బండి కానక్కరలేదని దీనివలన గ్రహింపనగును.

పాదపు పొడవు కూడ గణనీయము. ఫుట్‌రెస్టుపై పాదము నడిభాగమునానించి వ్రేళ్ళనెత్తునపుడు చిన్నపాదము కొన, పెద్దపాదము కొనకంటె తక్కువయెత్తు లేచును. రెండు పాదములు ఒకే కోణమున తిరిగినను వ్యాసార్ధము చిన్నదగుటయే ఇందుకు హేతువు. కావున గేరు పెడలు కర్మాగారపు టమరికలో ఉన్నపుడు చిన్నపాదము గలవారు ఫుట్‌రెస్టును విడిచి కాలు మొత్తమునెత్తి గేరు మార్చుటకు అలవడుదురు. ఆ క్షణమున బండిపై వారి పట్టు సగమగును.

గేరు పెడలు అమరిక

గేరు పెడలు ఇంజనునుండి వెలికివచ్చు ఒక ఇరుసుపై తొడగబడియుండును. ఆ ఇరుసుచుట్టును, పెడలు రంధ్రపు లోపలను సన్నని పళ్ళుండుటచే పెడలు జారక నిలుచును. చీలికగల దాని మొదలును ఒక బోల్టు బిగించును. చాలబండ్లలో దీనికి పది నంబరు పానా సరిపోవును. బోల్టు ఇరుసునందలి గాడిలో సాగియుండుట పెక్కింట కానవచ్చును గనుక, దానిని వదులుచేసిన చాలదు, పూర్తిగా తీయవలెను. తీయకమునుపు ఇరుసుపైనను పెడలుపైనను ఎదురెదురుగా రంగుచుక్క పెట్టినచో పూర్వస్థితి చెడదు. తరువాత పెడలును బయటకులాగి ఒక పన్ను క్రిందికి గాని మీదికి గాని త్రిప్పి తొడిగి, బోల్టును బిగింపవలెను. ఇది సాధారణముగా 6 మిల్లీమీటర్ల బోల్టు. 10 నుండి 12 న్యూటను మీటర్ల బిగింపు చాలును. అంతకుమించి బలము ప్రయోగించినచో మర చెడును. తక్కువైనచో పెడలు ఊగి పళ్ళు అరిగి, చివరకు ఇరుసునే మార్చవలసివచ్చును.

ఒక పన్ను త్రిప్పిన ఫలమెంత అనునది లెక్కించి చూడదగినది. ఇరుసుపై 36 పళ్ళున్నవనుకొనినచో ఒక్కొక్క పన్ను 10 డిగ్రీలు. పెడలు పొడవు 12 సెంటీమీటర్లైనచో కొన సుమారు 2 సెంటీమీటర్లు కదలును. 24 పళ్ళే యున్నచో కదలిక 3 సెంటీమీటర్లను దాటును. అందుచే ఒకమారు ఒక పన్నుకంటె మార్పరాదు. ఒక్కటి మార్చి, వాడి చూచి, అవసరమైనచో రెండవది మార్పవలెను. పెద్ద బండ్లలో పెడలునకును ఇరుసునకును నడుమ ఒక సన్నని కడ్డీ యుండును. దాని రెండు కొనలయందలి లాకు నట్టులను వదలించి కడ్డీని త్రిప్పినచో, ఒకకొన మర కుడివాటమును మరియొకటి ఎడమవాటమును అగుటచే, కడ్డీ మొత్తము పొడవు పెరుగుటో తఱుగుటో జరిగి పెడలు స్వల్పముగా లేచును లేక దిగును. ఈ పద్ధతి పన్నుమార్పుకంటె సూక్ష్మమైనది. కడ్డీకిని దానిని పట్టిన లీవరు చేతికిని నడుమ కోణము లంబకోణమునకు దగ్గఱగా నుండునంతవరకే గేరు చక్కగా పడును. అది తప్పినచో నొక్కుడు బలము వ్యర్థమగును.

త్రిప్పుటవలన పెడలు ఎత్తు మారునే గాని దగ్గఱకు రాదు. దూరము తగ్గవలెనన్న పొట్టి పెడలు వేయవలెను, లేదా కొనయందలి రబ్బరుపిడి రెండుమూడు రంధ్రములలో ఎచటనైనను బిగింపదగు రకమును ఎన్నుకొనవలెను. పొట్టి పెడలువలన పాదపు కదలిక తగ్గును గాని, నొక్కవలసిన బలము ఆ నిష్పత్తిలోనే పెరుగును. పాతబండి క్లచ్చు సరిగా విడనిచో ఈ పెరుగుదల మరింత బాధించును. వేఱొక బండి పెడలును తెచ్చి తొడుగువారు పళ్ళ సంఖ్యయు ఇరుసు మందమును సరిపోవుట చూడవలెను. సుత్తితో కొట్టి దింపిన పెడలు ఇరుసును పాడుచేయును.

మనదేశపు నిత్యోపయోగ బండ్లలో పెక్కింటికి ముందును వెనుకను చేతులుగల జంటపెడలుండును; ముందుభాగము వ్రేళ్ళతోను, వెనుకభాగము మడమతోను నొక్కవచ్చును. చెప్పులు, శాండల్సు తొడిగి బండినడుపువారికి వ్రేళ్ళతో పెడలునెత్తు బాధ తప్పించుటయే దీని ప్రయోజనము. చిన్నపాదమునకు వెనుకచేయి మడమకు దూరమై నిరుపయోగమగుట, లేక మడమకు అడ్డుపడి అనుకోకుండ గేరు మారుట సంభవించును. అట్టివారు ఒంటిచేతి పెడలును, బూటును వాడుట మేలు. జంటపెడలు ముందుకొనను క్రిందికి దింపినచో వెనుకకొన మీదికి లేచునను విషయమును మరువరాదు.

బ్రేకు పెడలు అమరిక

గేరు పెడలు తప్పినచో అసౌకర్యము. బ్రేకు పెడలు తప్పినచో అపాయము. గంటకు 40 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు 11 మీటర్లు పోవును. పాదము పెడలును వెదకుటలో పావుసెకను గడచినను బండి దాదాపు 3 మీటర్లు ముందునకు సాగిపోయి యుండును. పెడలు మరీ ఎత్తుననున్నచో మడమ ఫుట్‌రెస్టునుండి లేవనిదే బ్రేకు పడదు. మరీ క్రిందనున్నచో చీలమండ చాచినను పూర్తిబలము చిక్కదు. ఫుట్‌రెస్టుపై పాదము సహజముగా ఆనినపుడు బూటు అడుగునకు కొద్దిగా క్రిందుగా పెడలుండి, మడమ కదలకయే వ్రేళ్ళక్రిందికి వచ్చుట ఉత్తమస్థితి.

సవరణ మూడు మెట్లలో, ఈ వరుసనే జరుగవలెను. మొదట పెడలు పైకి ఎంతవరకు రావలెనో నిర్ణయించు ఆపుబోల్టును సవరించి ఎత్తు కుదుర్పవలెను. పిదప ప్లే, అనగా బ్రేకు పట్టకమునుపు పెడలు ఖాళీగా దిగు దూరమును చూడవలెను. డ్రమ్ము బ్రేకులలో వెనుకచక్రము చెంత కడ్డీకొననున్న నట్టును త్రిప్పినచో ఇది మారును. పెక్కు బండ్లకు 20 నుండి 30 మిల్లీమీటర్ల ప్లే విహితము. చివరగా బ్రేకుదీపపు స్విచ్చిని సవరింపవలెను; పెడలు దిగిన వెంటనే వెలిగి, విడిచిన వెంటనే ఆరవలెను. ఎత్తు మార్చి దీపమును మరచినవారి బండివెనుక ఎఱ్ఱదీపము నిరంతరము వెలుగుచుండుటయో, బ్రేకు వేసినను వెలుగకుండుటయో జరిగి వెనుకవచ్చువారిని మోసగించును.

డిస్కు బ్రేకులు గల బండ్లలో పెడలునకును మాస్టరు సిలిండరునకును నడుమనుండు త్రోపుకడ్డీ పొడవు కీలకము. పెడలు దింపవలెనను తొందరలో దీనిని తప్పుగా త్రిప్పి ప్లే లేకుండ చేసినచో, పిస్టను పూర్తిగా వెనుకకు రాక ద్రవము తిరిగి పోవు మార్గము మూసికొనిపోవును. వాడుకలో పుట్టు వేడికి ద్రవము వ్యాకోచించి చక్రము తనంతతానే పట్టుకొనును. 2019 ఏప్రిల్ 1 నుండి 125 సి.సి. వఱకు గల ద్విచక్రవాహనములకు సంయుక్త బ్రేకులును, ఆపైవానికి చక్రము బిగిసిపోకుండ కాపాడు ఏబీఎస్‌యు మనదేశమున తప్పనిసరియైనవి. సంయుక్త బ్రేకుగల మోటారు సైకిలులో వెనుక పెడలును నొక్కినచో ముందుబ్రేకు కూడ కొంత పనిచేయును. కావున వెనుక కడ్డీ నట్టును మాత్రము త్రిప్పిన చాలదు. రెండు బ్రేకుల పంపకమును నిర్ణయించు కేబులును కూడ సరిచూడవలెను. ఈ పని అధీకృత సర్వీసు కేంద్రమునకు వదలుట శ్రేయస్కరము.

ఫుట్‌రెస్టులు, కిక్ రాడ్డు, స్టాండులు

పెడళ్ళను ఎంత సవరించినను పాదము కుదురనిచో ఫుట్‌రెస్టునే జరుపుట తరువాతి మార్గము. కొన్ని బండ్లకు ఫుట్‌రెస్టును ముందునకో, వెనుకకో, క్రిందికో జరుపు పట్టీలు విపణియందు దొరకును. అవెంజరు వంటి కాళ్ళు చాచు బండ్లపై పొట్టివారికి ఫుట్‌రెస్టులను వెనుకకు తెచ్చు పట్టీలు ఉపకరించును. అపుడు గేరు కడ్డీని, బ్రేకు కడ్డీని కూడ తదనుగుణముగా మార్పవలసియుండును. సామాన్యపు బండ్లకు ఈ మార్పు అరుదుగా గాని అవసరపడదు. ఫుట్‌రెస్టు క్రిందికి దిగినచో మలుపులలో నేలను గీచుకొనును.

కిక్ రాడ్డు పొట్టివారికి ప్రత్యేకమగు చిక్కు. ఒకకాలు నేలపై నిలిపి రెండవకాలితో రాడ్డును పూర్తిగా దింపవలెనన్న బండి యెత్తు అడ్డగించును. బండిని డబుల్ స్టాండుపై నిలిపి, ప్రక్కన నిలుచుండి కిక్ కొట్టుట సురక్షితమగు పద్ధతి. సైడు స్టాండును పాదము అందుకొనుటకు దాని మొదలున చిన్న ఇనుపకొనను అతికించు వాడుక కలదు. అతుకు రహదారి గతుకులకు తగులకుండ చూచుకొనవలెను.

ఆసనమును తగ్గించుట

నేల అందవలెనను కోరికతో సీటు నురుగును కోసి తగ్గించుట ఎల్బీ నగర్ మొదలు నగరమంతటను సీటు కుట్టువారు చేయుచున్న పని. సీటు ముందుభాగపు వెడల్పును తగ్గించుట, ఎత్తును తగ్గించుటకంటె తఱచు ఎక్కువ ఫలమిచ్చును. కాళ్ళు నిటారుగా దిగుటయే కారణము. కాని ఆసనము తగ్గినకొలది మోకాళ్ళు ఎక్కువగా ముడుచుకొని, చీలమండ కోణము మారి, మునుపు కుదిరిన పెడళ్ళు తిరిగి కుదురకపోవును. కావున సీటు మార్చినవారు పెడళ్ళను మరల సరిచూచుకొనుట తప్పనిసరి. వెనుక షాకబ్జార్బరులను మార్చి బండినే దింపువారు మరికొన్ని చిక్కులను కొనితెచ్చుకొందురు: నేలకును ఇంజనునకును నడుమ దూరము తగ్గి వేగనిరోధకములపై అడుగుభాగము తగులును, సైడు స్టాండు పొడవు మిక్కుటమై బండి నిటారుగా నిలిచి సులభముగా పడిపోవును.

చట్టసంబంధ విషయములు

1988 నాటి మోటారు వాహనముల చట్టమందలి 52వ విభాగము, రిజిస్ట్రేషను పత్రమున నమోదైన వివరములు నిర్మాత నిర్దేశమునకు భిన్నమగునట్లు వాహనమును మార్పరాదని శాసించుచున్నది. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము ఈ నిషేధమును ధ్రువపఱచెను. పెడలును ఇరుసుపై త్రిప్పుట, ఆపుబోల్టును సవరించుట నిర్మాత కల్పించిన సవరణలే గనుక అవి వాహనపు నమోదు వివరములను తాకవు. చట్రమును కోయుట, అదనపు చక్రములను తగిలించుట వేఱు విషయము. వికలాంగులకొఱకు వాహనమును అనుకూలపఱచుటకు చట్టము ప్రత్యేకమార్గము చూపినది, దానికి రవాణా అధికారుల అనుమతి కావలెను. కేంద్ర మోటారు వాహనముల నియమావళియందలి 123వ నియమము వెనుక కూర్చుండువారికి చేతిపిడి, ఫుట్‌రెస్టు, వెనుకచక్రమును కనీసము సగము కప్పు రక్షణకవచమును విధించుచున్నది. సవరణల నెపమున ఈ కవచమును, అనగా సారీ గార్డును గాని, వెనుక ఫుట్‌రెస్టులను గాని తొలగింపరాదు.

పరీక్ష

ప్రతి సవరణకు పిమ్మట బండిని డబుల్ స్టాండుపై నిలిపి, వెనుకచక్రమును చేతితో త్రిప్పి బ్రేకు ఈడ్చుట లేదని నిశ్చయించుకొనవలెను. పెడలును పూర్తిగా నొక్కినపుడు అది ఫుట్‌రెస్టునకును పొగగొట్టమునకును తగులరాదు. హ్యాండిలును ఇరువైపుల త్రిప్పియు, నిత్యము తొడుగు చెప్పులతోనే అన్ని గేర్లను మార్చియు చూడవలెను. పిదప ఖాళీ వీధియందు స్వల్పవేగమున బ్రేకు వేసి చూచి, కొద్దిదినముల వాడుక తరువాత బోల్టులను మరల బిగింపవలెను. ఒకే బండిని పలువురు వాడు ఇంట పెడళ్ళను అందరిలో పొట్టివారికి కుదుర్చుట యుక్తము. పొడవరి పాదము కొంత సర్దుకొనగలదు. పొట్టివారి పాదము లేనిపొడవును తెచ్చుకొనజాలదు.

ఈ సవరణలన్నింటిలో క్రమము ముఖ్యము: మొదట పెడళ్ళు, పిదప పాదరక్షలు, అవసరమైనచో సీటు, చిట్టచివర బండి యెత్తు. మొదటి మెట్టు ఖర్చులేనిది, ఇష్టములేనిచో తిరిగి మార్చుకొనదగినది. చివరిమెట్టు ఖర్చుతో కూడినది, వెనుకకు తీసికొనుట సులభము కానిది. కావున ఎత్తు తక్కువయని మోటారు సైకిలును మానుకొనువారును, సీటు కోయింపబూనువారును ముందుగా పది నంబరు పానాతో తీరు పనిని తీర్చుకొని చూడవలెను.